విమానం గట్టు

మలికిపురం నుంచి దిండి వెళ్ళే దారిలో, మా ఊరు దాటేక ఎడమచేతివైపు ఒక మట్టిగట్టు విడిపోతుంది. ఒక పక్క మురుగుకాలవ, ఇంకో పక్క రొయ్యల చెరువులు. దాని పేరు విమానం గట్టు. చీకటి పడ్డాక దాని మీద అడుగు పెట్టేవాళ్ళు లేరు. ఆటోవాళ్ళు ఆ మలుపు దగ్గర హారను కూడా కొట్టరు — పిలిచినట్టవుతుందని.

ఏముందయ్యా అక్కడ అని ఎవరినైనా అడగండి, గొంతు తగ్గించి చెబుతారు. గట్టు చివర ఒక సమాధి ఉంది. రాత్రయితే దాని మీద విమానం తిరుగుతున్న చప్పుడు వస్తుంది. డిసెంబరు నెలలో ఒక రాత్రి... కొరివిదెయ్యాలు రెండు బారులుగా నిలబడి ఆ విమానానికి దివిటీలు పడతాయి. కల్లుగీత వాళ్ళు చెట్టు మీంచి చూసేరట. ఆ దారిన వచ్చిన ఒకాయనకి గాలి సోకి మూతి వంకరపోయిందట.

ఆ మూతి వంకరపోయినాయన నాకు తెలుసు. అది పక్షవాతం. బీపీ మాత్రలు మానేసి, పూటకో గరిటెడు ఆవకాయ తిన్నాడు. ఆ మాట నేను నలుగురిలో అంటే, "మీరు సైన్సు మేష్టారు, మీకలాగే ఉంటది లెండి" అని నవ్వేరు. ఊరికి ఆవకాయ అక్కర్లేదు. దెయ్యం కావాలి.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ సమాధిలో ఉన్నది ఎవరో చెబితే మీకూ మండుతుంది.

స్క్వాడ్రన్ లీడర్ సాలమోను. వీరచక్ర. డెబ్బై ఒకటి యుద్ధంలో ఫైటర్ విమానం నడిపినవాడు. మా ఊరి చివర దళితపేటలో పుట్టేడు. తల్లి మా పొలంలోనే ఊడ్పులకి వచ్చేది. అమలాపురం కాలేజీలో మేమిద్దరం ఒక బెంచీ. ఫిజిక్సు లెక్కలు వాడు చేసేవాడు, నేను చూసి రాసేవాణ్ణి. హాస్టల్లో చారు ఎంత నీళ్ళగా ఉండేదంటే, వాడు గిన్నెలోకి చూసి, "ఒరేయ్ సుబ్రహ్మణ్యం, ఇందులో నా మొహం కనబడుతోందిరా, క్రాపు దువ్వుకోనా?" అనేవాడు. సరే, చారు సంగతి వదిలెయ్యండి. వయసు మీద పడితే మాట ఇలాగే పక్కదారులు పడుతుంది.

డెబ్బై ఒకటి డిసెంబరు. పడమటి సరిహద్దు. మన జవాన్లు కొందరు ఇసక దిబ్బల మధ్య చిక్కుబడిపోయేరు, ఎదురుగా శత్రువుల టాంకులు. పొద్దుటి నుంచి వెళ్ళి కొట్టి వస్తూనే ఉన్నాడు సాలమోను. ఆఖరుసారి వెళ్ళినప్పుడు శత్రు విమానాలు వీళ్ళ మీద పడ్డాయి. ఒకదాన్ని కూల్చేడు. తన రెక్కకీ దెబ్బ తగిలింది, చమురు కారిపోతోంది. అయినా తోటివాళ్ళని ముందు పంపించి, వెనక తను కాపు కాసేడు.

వెనక్కి వచ్చేసరికి చీకటి. స్థావరం మీద బాంబు పడి కరెంటు పోయింది. రేడియో పలకదు. కింద నేల ఎక్కడుందో తెలియదు. తిరగడానికి చమురు లేదు...

అప్పుడు కింద కుర్రాళ్ళు పరిగెత్తేరు. రన్‌వేకి రెండు పక్కలా కిరసనాయిలు దీపాలు బారులు తీర్చి పెట్టేరు.

అదెలా ఉందో వాడే నాకు చెప్పేడు. మా పేటవాళ్ళకి ఒక ఆచారం ఉండేది. ఈస్టరు ముందురాత్రి సమాధులకి సున్నం వేసి, కొబ్బరిచిప్పల్లో నూనె పోసి, వత్తి వేసి, గట్టు పొడుగునా దీపాలు పెట్టేవారు. "పైనుంచి ఆ దీపాలు చూసేసరికి, ఇది మా గట్టే అనుకున్నానురా. అయితే చచ్చిపోయేనన్నమాట, మా అమ్మ పక్కకి వచ్చేసేనన్నమాట. ఇంక భయమేంటి? హాయిగా దింపేసేను" అని నవ్వేడు. నేను నవ్వలేకపోయేను.

ఆ తరవాత పతకం ఇచ్చేరు. ఊళ్ళో సన్మానం అన్నారు. మలికిపురం నుంచి జీపు, జీపు మీద పూలు, ముందు బ్యాండు మేళం. తీరా మా వీధి మొదటికి వచ్చేసరికి పెద్దమనుషులు జీపు ఆపేరు. "వీధిలో రోడ్డు పని జరుగుతోంది బాబూ, గట్టు మీంచి చుట్టు తిరిగి పేటలోకి వెళ్ళండి" అన్నారు. రోడ్డు మీద ఒక్క గులకరాయి లేదు! నేను చూస్తున్నాను కదా. శత్రువు ఆకాశంలోకి దూసుకెళ్ళి వచ్చినవాడికి మా వీధిలోకి దారి లేదు. సాలమోను జీపు దిగి, బూట్లు తుడుచుకుని, ఆ గట్టు మీదే నడిచి ఇంటికి వెళ్ళేడు. వెనకాల బ్యాండు వాళ్ళు, వాయించాలో మానాలో తెలియక, ఊరికే నడిచేరు.

వీధికి ఆయన పేరు పెడతామని బోర్డు కూడా నాటేరు. అది ఇప్పటికీ ఉంది. దాని మీద రొయ్యల మేత ప్రకటన ఉంది.

రిటైరయ్యేక హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండొచ్చు. ఉండలేదు. భార్య రాహేలు గారిని, కూతురు నిర్మలని తీసుకుని ఇక్కడికే వచ్చేడు. అప్పటికి పేట గట్టు పక్కన లేదు. ఎనభై ఆరు వరదలో మునిగితే, అందరూ మెరకలో కాలనీ కట్టుకుని వెళ్ళిపోయేరు. గట్టు మీద మిగిలినవి సమాధులే. పోయేముందు, తల్లి సమాధి పక్కనే పెట్టమన్నాడు. అలాగే పెట్టేరు. వాయుసేన కుర్రాళ్ళు వచ్చి, జెండా కప్పి, గాల్లోకి తుపాకులు పేల్చి వందనం చేసేరు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఒకడు అన్నాడు — "తుపాకులు పేల్చి మరీ పాతిపెట్టేరంటే, లేస్తాడని భయమేమోరా."

అలా పుట్టింది ఆ దెయ్యం! టీకొట్టులో, బజ్జీలు తింటూ.

బతికుండగా ఆయన్ని మా వీధిలో నడవనివ్వలేదు. చచ్చిపోయేక దెయ్యాన్ని చేసి, ఆయన గట్టు మీద మేం నడవడం మానేసేం. రెండూ ఒకటేనండీ. నాకేమీ తేడా కనబడదు.

ఆ దెయ్యానికి మేత వేసి పెంచినవాడు ఇంకొకడు. రమణబాబు. గట్టు పక్క రొయ్యల చెరువులన్నీ వాడివే. నా దగ్గర ఎనిమిదో తరగతి రెండేళ్ళు చదివేడు — ఇష్టంతో కాదు. వాడి చెరువుల్లోకి లారీలు రావాలంటే చుట్టుతిరుగుడు. గట్టు చదును చేస్తే సూటిగా దారి. మధ్యలో సమాధులున్నాయి. అందుకని వీడు కనబడ్డవాడికల్లా, "అటెళ్ళకండి బాబూ, మా కాపలావాడు రాత్రల్లా విమానం చప్పుడు వింటున్నాడు" అని చెప్పేవాడు. జనం భయపడ్డారు. కాలనీవాళ్ళు కూడా కొత్త శ్మశానం వేరే చూసుకున్నారు, ఈస్టరుకి ఇక్కడ దీపాలు పెట్టడం మానేసేరు. అప్పుడు రమణబాబు అన్నాడు, "ఎవరూ రాని శ్మశానం శ్మశానమేంటి? పాడుబడ్డ గట్టు."

నిర్మల ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. "చూస్తామమ్మా" అన్నారు అందరూ. ఆ పిల్ల ఒకరోజు మా అరుగు మీద కూచుని, "పెదనాన్నగారూ, నాన్నగారి పేరు ఈ ఊళ్ళో ఇంక ఆ రాయి మీద తప్ప ఎక్కడా లేదండి. అది కూడా తీసేస్తారంటండి. అమ్మకి చెప్పలేదు. చెబితే బతకదు" అంది. కళ్ళనీళ్ళు లేవు. అది చూసే నాకు భయమేసింది.

ఇంక మొన్న డిసెంబరులో జరిగింది చెబుతాను.

రమణబాబు కొత్తపేట నుంచి ఒక పొక్లెయిన్ తెప్పించేడు. మా ఊరి వాళ్ళెవరూ ఆ గట్టెక్కరని, బయటినుంచి రప్పించేడన్నమాట. దాన్ని నడిపేవాడు జనార్దన్, ముప్ఫై ఏళ్ళవాడు. మస్కట్‌లో ఇసక తవ్వి వచ్చేడు. "పగలు తవ్వితే గొడవ చేస్తారు. చీకటి పడ్డాక వెళ్ళు. చివరిదాకా చదును చేసెయ్. పాత మట్టిదిబ్బలు, అంతే" అని చెప్పి పంపించేడు. దెయ్యం మాట ఒక్కటి కూడా చెప్పలేదు, దొంగవెధవ.

ఇది జనార్దన్ నాకు చెప్పింది. వాడి పళ్ళు టకటకలాడుతుంటే చెప్పింది.

అమావాస్య దగ్గరి చీకటి. మంచు దిగుతోంది. గట్టెక్కి నెమ్మదిగా వెళుతున్నాడు. కాలవలోంచి గుర్రపుడెక్క వాసన, చెరువుల్లోంచి ఎండుతున్న బురద కంపు. మలుపు తిరిగేడు...

ఎదురుగా నిప్పు.

ఒకటి కాదు. నేలకి జానెడు ఎత్తులో... గట్టుకి ఈ పక్కన ఒక బారు, ఆ పక్కన ఒక బారు. చివరిదాకా. మధ్యలో నల్లటి దారి.

వాడి అమ్మమ్మ చిన్నప్పుడు చెప్పిందట — కొరివిదెయ్యం ఎదురైతే నీ చేతిలో దీపం ఆర్పెయ్యి, కిక్కురుమనకు, అది నిన్ను చూడదు. మా వైపు ప్రతి అమ్మమ్మా చెబుతుంది ఈ మాట. మస్కట్ వెళ్ళొచ్చినా అమ్మమ్మ మాట పోదు కదా. హెడ్‌లైట్లు ఆర్పేసేడు. ఇంజను ఆపేసేడు.

అదే వాడు చేసిన తప్పు.

ఇంజను మోత ఉన్నంతసేపూ వినబడనిది... అప్పుడు వినబడింది.

ముందు తుమ్మెద ఝంకారంలా. గోదారి వైపు నుంచి. తరవాత బరువుగా. ఆగి ఆగి, దగ్గుతున్నట్టు, చమురు చాలని ఇంజనులా. పైకి చూసేడు — ఏమీ లేదు. చుక్కలు కూడా లేవు. చప్పుడు మాత్రం కిందకి దిగుతోంది. నెత్తి మీదికి... ఒంట్లోకి...

అప్పుడు దీపాలు ఒంగేయి.

అన్నీ ఒకేసారి కాదు. అటు చివరి దీపాలు ముందు ఒంగేయి. తరవాత వాటి పక్కవి. తరవాత ఇటుపక్కవి. ఏదో ఆ రెండు బారుల మధ్య నేలని రాసుకుంటూ... వాడి మీదికి వస్తున్నట్టు.

చప్పుడు ఆగిపోయింది.

నిశ్శబ్దం. ఆ నల్లటి దారిలో తెల్లటి చీర ఒకటి కదిలింది. ముసలి గొంతు, చాలా నెమ్మదిగా —

"ఎవరు నాయనా అక్కడ? దీపాలు తొక్కకు... ఆయన ఇప్పుడే దిగేరు."

జనార్దన్ బండి మీంచి దూకేడు.

గట్టు దిగితే మొదటి ఇల్లు మాదే. నేను టీవీలో వార్తలు చదివే అమ్మాయిని తిడుతూ ఉప్మా తింటున్నాను. తలుపు బద్దలయ్యేలా కొట్టేడు. ఒక కాలికి చెప్పు లేదు, మోకాలిదాకా బురద. మా ఆవిడ లోవమ్మ వాణ్ణి చూసీ చూడగానే ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లోకి తీసుకుంది.

"ముందు మంచినీళ్ళివ్వవే! మిరపకాయలెందుకు, వాడేమైనా బజ్జీయా?" అన్నాను.

"మీరూరుకోండి. పిల్లాడి మొహం చూడండి, పాలిపోయింది" అని దిష్టి తీసింది.

వాడు చెప్పిందంతా విన్నాను. గట్టు చదును చెయ్యడానికి వచ్చేనన్న మాట దగ్గర ఉప్మా పళ్ళెం పక్కన పెట్టేసేను. టార్చిలైటు తీసుకుని లేచేను. "వెళ్ళకండి బాబుగారూ, ఆయ్, మీ కాళ్ళకి దణ్ణం" అన్నాడు వాడు. ఎనభై ఏళ్ళవాణ్ణి, నన్ను దెయ్యం పట్టుకుని ఏం చేసుకుంటుంది? కోపంలో కాళ్ళ నొప్పులు కూడా తెలియలేదు. గట్టెక్కేను.

పొక్లెయిన్ చీకట్లో తొండం ఎత్తి నిలబడి ఉంది. దాని ముందు గట్టు మీద... రాహేలు గారు. పక్కన నిర్మల. వంగి, ఒక్కొక్క కొబ్బరిచిప్పా తీసి, దీపం ఆర్పి, బుట్టలో పెడుతున్నారు.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

నిర్మల తలొంచుకుంది. "నాన్నగారు యుద్ధంలో ఆ రాత్రి దిగిన రోజండి ఇది. పోయినప్పటినుంచీ అమ్మ ఏటా పెడుతుందండి. ఎవరికీ చెప్పొద్దంటుంది. చెబితే నవ్వుతారు, లేకపోతే అడ్డుకుంటారు..."

అదీ కొరివిదెయ్యం. ఒక పెద్దావిడ మొగుడి కోసం పెట్టుకున్న దీపాలు. ఇన్నేళ్ళూ ఊరు ఊరంతా దుప్పట్లు కప్పుకుని వణికింది వీటిని చూసి. అక్కడే నిలబడి గట్టిగా అరిచి అందర్నీ తిట్టాలనిపించింది. వినేవాళ్ళు లేరు, అదొక్కటే నా బాధ.

రాహేలు గారికి చెవుడు. దగ్గరికి వెళ్ళి, "చలిలో ఎంతసేపమ్మా? ఇంటికి పదండి" అన్నాను.

"అయిపోయిందండి, ఆయ్, వెళ్ళిపోతున్నాం. దీపాలు ఒంగేదాకా ఉంటానండి. ఆయన దిగితే ఒంగుతాయండి. ఈ ఏడు తొందరగా వచ్చేరు" అంది. మొహంలో ఎంత ఊరట ఉందో! ఎదురుగా అంత పెద్ద యంత్రం ఉంటే అదేమిటని కూడా అడగలేదు.

సముద్రపు గాలి అనుకున్నాను నేను. గాలికి దీపాలు ఒంగవా? చప్పుడంటారా, అది రమణబాబు చెరువుల్లో ఏరియేటర్లు. రొయ్యలకి ఊపిరాడ్డానికి నీళ్ళలో తెడ్లు తిప్పే మోటార్లు. రాత్రివేళ నీళ్ళ మీద ఆ మోత ఎక్కడినుంచో వస్తున్నట్టుంటుంది. ఇదంతా నేను మొదటినుంచీ అంటున్నదే.

తెల్లారేసరికి జనార్దన్ కథ రాజోలు దాకా పాకిపోయింది. వాడు కొత్తపేట వెళ్ళిపోయేడు, చెప్పుకోసం కూడా రాలేదు. పొక్లెయిన్ గట్టు మీదే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకెళ్ళడానికే మనిషి దొరకలేదు. తాటిపాక నుంచి ఒకణ్ణి పిలిస్తే మలుపు దాకా వచ్చి, కడుపునొప్పి అని వెళ్ళిపోయేడు. సమాధి చెక్కు చెదరలేదు.

వారం తిరక్కుండా రమణబాబు మా అరుగు మీదికి వచ్చేడు. అరటిపళ్ళ గెల తెచ్చేడు.

"మేష్టారూ, మీరు సైన్సు చెప్పినోరు. మీ మాటంటే ఊళ్ళో గురి. దెయ్యం లేదని ఒక్కసారి చెప్పండి. పనంతా ఆగిపోయిందండి."

"దెయ్యం ఉందని చెప్పింది నువ్వే కదురా?"

"అప్పుడేదో సరదాకండి..."

"సరదా!" నా గొంతు లేచేసరికి లోవమ్మ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మరి ఆ చప్పుడేంటి?"

"ఏముందండీ, నా ఏరియేటర్లు. నాకు తెలీదా?"

తెలుసు! మొదటినుంచీ తెలుసు వాడికి. ఒక యోధుణ్ణి దెయ్యాన్ని చేసి, ముసలావిణ్ణి చీకట్లో దొంగలా దీపాలు పెట్టుకునేలా చేసి, ఊరిని పిరికిపందల్ని చేసి — అంతా తెలిసే. చేతికర్ర కోసం చూసేను. లోవమ్మ ముందే తీసి లోపల పెట్టేసింది.

"ఆ రాత్రి జనార్దన్ విన్నది కూడా అవేనా?" అన్నాను.

"ఆయ్, అవే. ఇంకేముంటాయండీ, నా చెరువుల్లో..."

ఆగిపోయేడు.

"ఏంరా?"

"నవంబరులోనే రొయ్యల పట్టుబడి అయిపోయిందండి" అన్నాడు మెల్లగా. "చెరువులు ఎండగట్టేసేం. ఏరియేటర్లన్నీ... పైకి తీసి షెడ్డులో పెట్టించేనండి. నేనే తాళం వేసేను."

ఎండుతున్న బురద కంపు... జనార్దన్ చెప్పేడు. టార్చిలైటుతో వెళ్ళినప్పుడు నేనూ పీల్చేను. నాకు తట్టలేదు.

రమణబాబు మొహంలో రక్తం లేదు. గట్టు వైపు చూడబోయి, చూపు తిప్పేసుకున్నాడు. గుసగుసగా అడిగేడు —

"అయితే... ఆ వచ్చింది ఏంటి మేష్టారూ?"

ముప్ఫై అయిదేళ్ళు సైన్సు చెప్పేను. సముద్రపు గాలి గురించి చెప్పొచ్చు, ఇంకేదైనా చెప్పొచ్చు. వాడి గెల తీసి వాడి చేతుల్లోనే పెట్టేను.

"నాకేం తెలుసురా? దీపాలు పెట్టిన చోట దిగడం ఆయనకి అలవాటు."